ఇంటి హాలులో టవర్ స్పీకర్లు – ఎంపిక, అమరిక

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో మధ్యాహ్నం జరిగిన కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం. ప్రత్యేక సంచిక కోసం వక్త కొంత పెంచి రాసి ఇచ్చారు.)



పొద్దుటినుంచి పెన్షను సవరణ గురించి, మెడికల్ బిల్లుల గురించి వేడివేడిగా మాట్లాడుకున్నాం. భోజనాలయ్యాక వేదిక ఎక్కే వక్తకు శ్రోతలు కళ్ళు మూసుకుని వింటారని ప్రతీతి. ఈ రోజు విషయానికి అది తగిన పద్ధతే. ఎందుకంటే స్పీకర్ల మంచిచెడ్డలు కళ్ళు మూసుకుంటేనే బాగా తెలుస్తాయి. ఆ సంగతికి తరువాత వస్తాను.

కార్యదర్శి గారు ఈ అంశం మీద మాట్లాడమనడానికి కారణం ఉంది. ఈమధ్య మన సభ్యులలో కొందరు రిటైర్మెంటు డబ్బులోంచో, పిల్లలు పంపిన డబ్బులోంచో కొంత తీసి మంచి సంగీతం వినే పరికరాలు కొనుక్కుంటున్నారు. ఉద్యోగంలో ఉన్నంతకాలం పిల్లల ఫీజులకూ, ఇంటి అప్పులకూ సరిపోయింది. ఇప్పుడైనా ఒక మంచి కచేరీ తీరిగ్గా వినాలన్న కోరికను నేను తప్పుపట్టను. కానీ లక్షలు పోసి కొన్న స్పీకర్లు ఇంటికి వచ్చాక "షాపులో విన్నట్టు లేదండీ" అని నన్ను పిలిచినవారు ఒకరిద్దరు కాదు. వెళ్ళి చూస్తే స్పీకర్లలో లోపం కనబడింది తక్కువ. అవి నిలబెట్టిన చోటులోనే చాలావరకు చిక్కు ఉంది. ఉన్న డబ్బు ఒకసారే ఖర్చు పెట్టగలిగిన వాళ్ళం మనం. అందుకే ఈ మాటలు.

అసలు ఈ విషయం మన టెలిఫోన్ వాళ్ళకు పరాయిది కాదు. స్పీకర్ల కాగితాల మీద ప్రతి వరుసలోనూ కనబడే డెసిబెల్ మన వృత్తిలో పుట్టిన కొలతే. తీగల్లో శబ్దం ఎంత క్షీణిస్తోందో చెప్పడానికి పూర్వం ప్రామాణిక కేబుల్ ఎన్ని మైళ్ళకు సమానం అని లెక్క వేసేవారు. 1924లో బెల్ సంస్థ ఇంజనీర్లు దాని బదులు ట్రాన్స్‌మిషన్ యూనిట్ అన్న కొలత తెచ్చారు. 1928లో దానికే డెసిబెల్ అని పేరు పెట్టారు. టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహంబెల్ పేరే అది. మనలో ట్రాన్స్‌మిషన్ శాఖలో పనిచేసినవారు లైను మీద ఎన్ని డీబీలు పోతున్నాయో మీటరు పెట్టి చూసినవారే.

ఇంకో ముచ్చట కూడా చెప్పాలి. 1933 ఏప్రిల్ 27న అమెరికాలో ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రా తన ఊళ్ళోనే కూర్చుని వాయిస్తుంటే, ఆ సంగీతాన్ని టెలిఫోన్ లైన్ల మీద వాషింగ్టన్‌లోని కాన్‌స్టిట్యూషన్ హాలుకు పంపారు. మూడు మైకులు, మూడు లైన్లు, అవతల మూడు లౌడ్‌స్పీకర్లు. ఆ వాద్యబృందానికి ప్రసిద్ధ నిర్దేశకుడైన స్టొకోవ్‌స్కీ ఆ రోజు వేదిక మీద లేడు. వాషింగ్టన్ హాలులో శబ్దం హెచ్చుతగ్గులు తిప్పే మీటల దగ్గర కూర్చున్నాడు. ఫిలడెల్ఫియాలో నిర్దేశకత్వం వేరొకరు వహించారు. వయొలిన్లు ఎడమవైపునుంచీ, తక్కిన వాద్యాలు వాటి వాటి స్థానాలనుంచీ వినపడ్డాయి. అంతకు ముందే, 1931 డిసెంబరులో, ఇంగ్లండులో ఇ.ఎం.ఐ.కి చెందిన ఆలన్ బ్లూమ్‌లైన్ రెండు స్పీకర్ల స్టీరియో పద్ధతికి పేటెంటు దరఖాస్తు చేశాడు. మన హాలులో రెండు స్పీకర్లు పెట్టుకోవడం వెనక ఇంత చరిత్ర ఉంది.

ఇక టవర్ స్పీకర్లంటే ఏమిటి? బల్లమీదో స్టాండుమీదో పెట్టకుండా నేలమీదే నిలబెట్టే, నడుము ఎత్తునుంచి ఛాతీ ఎత్తు వరకూ ఉండే స్పీకర్లు. పెట్టె పెద్దది కాబట్టి లోతైన మంద్రస్వరాలు తేలికగా పలుకుతాయి. మన సంగీతానికి ఇది ఎంత అవసరం అని అడగవచ్చు. ఒకటవ కట్టై శ్రుతిలో పాడే పురుషగాయకుడిని తీసుకోండి. ఆయన ఆధారషడ్జమం సుమారు 131 సైకిల్స్. ఆయన తంబురాలో చివరి తీగ, మంద్రషడ్జమం, అందులో సగం, అంటే సుమారు 65 సైకిల్స్. మన టెలిఫోను 300 నుంచి 3400 సైకిల్స్ మాత్రమే పంపేది. మగవారి కంఠంలోని మూలస్వరం అంతకంటే తక్కువే అయినా ఫోనులో గొంతు గుర్తుపట్టేవాళ్ళం కదా. పై స్వరాలను విని చెవి మూలస్వరాన్ని తానే పూరించుకుంటుంది. చిన్న స్పీకరులో తంబురా విన్నప్పుడూ అదే జరుగుతుంది. శ్రుతి తెలుస్తుంది, కానీ గదిలో తంబురా ఉన్నట్టు ఉండదు. ఆ ఉన్నట్టుండడం కోసమే ఇంత ఖర్చు. అయితే చిక్కంతా కూడా ఆ కింది స్వరాలతోనే.

65 సైకిల్స్ శబ్దతరంగం పొడవు ఎంతో లెక్క వేయండి. శబ్దం సెకనుకు సుమారు 344 మీటర్లు పోతుంది. 65తో భాగిస్తే 5.3 మీటర్లు, అంటే 17 అడుగులకు పైమాటే. మన హాళ్ళు ఎంతుంటాయి? పదకొండు అడుగుల వెడల్పు, పదహారు అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు అనుకోండి. హాలుకన్నా తరంగమే పెద్దది. గిన్నెలో నీళ్ళు ఊపితే ఒక లయలో అంచులదాకా లేచి పడతాయి చూడండి, గదిలో గాలి కూడా కొన్ని ప్రత్యేకమైన స్వరాలకు అలాగే ఊగుతుంది. పదహారడుగుల పొడవుకు 35 సైకిల్స్, దాని రెట్టింపు 70. పదకొండు అడుగుల వెడల్పుకు 51. పదడుగుల ఎత్తుకు 56. ఈ స్వరాలు గోడల దగ్గర బాగా హెచ్చుతాయి, గదిలో కొన్ని చోట్ల దాదాపు మాయమవుతాయి. 70 సైకిల్స్ ఊపు రెండు చివరి గోడల దగ్గరా, గది నడిమధ్యా గట్టిగా ఉంటుంది. ఒక్కొక్క చివరి గోడనుంచి నాలుగడుగుల దగ్గర సన్నబడిపోతుంది. మన తంబురా 65 దగ్గర పలుకుతోంది కదా, 70కి చాలా దగ్గర. మనం సోఫాను ఎక్కడ వేస్తాం? వెనక గోడకు ఆనించి. అంటే ఆ స్వరం ఎక్కువగా గుయ్యిమనే చోటే మన తల ఉంటుంది.

ఒక మిత్రుడి ఇంటి సంగతి చెబుతాను. పేరు చెప్పను, ఆయన ఈ సభలోనే ఉన్నారు, నవ్వుతున్నారు కూడా. ఆయన రెండు జతల టవర్ స్పీకర్లు వారం రోజుల ట్రయలు మీద ఇంటికి తెచ్చుకున్నారు. ఒకటి ఖరీదైనది, పెద్దది, నున్నగా వార్నిషు చేసిన చెక్కపెట్టె. రెండోది దాని ధరలో సగానికి కాస్త ఎక్కువ, నల్లగా, సాదాగా ఉంది. షాపులో పెద్దది విని ఆయన ముచ్చటపడ్డారు. ఇంటికొచ్చాక పెద్దది బొయ్యిమంటోంది, మృదంగం తొప్పి వైపు దెబ్బ ఎంతకూ ఆగదు. రెండోది పీలగా ఉంది. రెండూ తిరిగి ఇచ్చేద్దామని నిర్ణయించుకుని, ఒకసారి చూడమని నాకు ఫోను చేశారు.

వెళ్ళి చూస్తే పెద్దజత టీవీ బల్లకు చెరోపక్కా, గోడకు ఆరంగుళాల దూరంలో ఉంది. అందులో ఎడమది సరిగ్గా మూలలో, ఇనప బీరువా పక్కన. కుడిది వంటింటికి పోయే దారి మొదట్లో. చిన్నజతకు చోటులేక రెంటినీ ముందుకు జరిపి, ఒకదానికొకటి నాలుగడుగుల దూరంలో పెట్టారు. ఆయన పోలుస్తున్నది రెండు స్పీకర్లను కాదు, గదిలో రెండు చోట్లను! శబ్దం వెలువడే చోటు దగ్గర గోడ ఉంటే కింది స్వరాలు పెరుగుతాయి. ఒక్కొక్క గోడా 6 డెసిబెల్ వరకూ పెంచగలదు. మూలలో పెడితే నేల కాక ఇంకో రెండు గోడలు. ఎడమ స్పీకరు మూలలో బొయ్యిమంటుంటే కుడిదానికి ఒకవైపు గోడే లేదు, దారి ఉంది. రెండూ ఒకేలా ఎలా పలుకుతాయి?

మూల అంటే చెడ్డది అని కూడా అనుకోకూడదు. అమెరికాలో పాల్ క్లిప్ష్ అనే ఆయన మూలనే బూరలో ఒక భాగంగా వాడుకునే క్లిప్ష్‌హార్న్ అనే స్పీకరు రూపొందించాడు. 1946నుంచి తయారవుతోంది. దాన్ని మూలలోంచి తీసి గది మధ్య పెడితే దానికి అన్యాయం చేసినట్టే. ఏ స్పీకరు ఎక్కడ నిలబడడానికి పుట్టిందో దాని పుస్తకం మొదటి పేజీల్లోనే రాసి ఉంటుంది. కొత్త ఎక్స్చేంజి వస్తే మాన్యువల్ చదవకుండా స్విచ్చి వేసేవాళ్ళమా? ఇంటి సామానుకు వచ్చేసరికి ఆ పుస్తకం అట్టపెట్టెతోపాటు అటకెక్కుతుంది.

ఆయన హాలులో మేము చేసింది ఇది. బీరువాను పక్కగదిలోకి తీసుకుపోయాం. దీనికి ఆయన ఒక్కరి అనుమతి సరిపోలేదని వేరే చెప్పనక్కరలేదు. టేపు, చాక్‌పీసు తీసుకున్నాం. స్పీకరు ముందు మొహం గోడనుంచి 3 అడుగులు, పక్కగోడనుంచి స్పీకరు మధ్యకు రెండుంపావు అడుగులు, రెండిటి మధ్య ఆరున్నర అడుగులు. సోఫాను కదపలేదు. దాని ముందు ఒక పడకకుర్చీ వేసి, కూర్చున్నవాళ్ళ చెవులు వెనకగోడకు నాలుగున్నర అడుగుల దూరంలో ఉండేలా చూశాం. అంటే కుర్చీకీ స్పీకర్ల వరుసకూ మధ్య ఎనిమిదున్నర అడుగులు. పుస్తకాల్లో సమబాహు త్రిభుజం అని రాస్తారు. కొంచెం పొడుగైన త్రిభుజం అయినా నష్టం లేదు. రెండు స్పీకర్లనుంచీ చెవికి దూరం మాత్రం సమానంగా ఉండాలి. ఒక నూలుతాడు తీసుకుని కుర్చీనుంచి రెండువైపులా కొలిస్తే సరి.

గోడనుంచి ఎంత దూరం అన్నదానికి రకరకాల సూత్రాలు ప్రచారంలో ఉన్నాయి. అమెరికాలో కార్డాస్ అనే ఆయన స్వర్ణనిష్పత్తి ఆధారంగా చెప్పిన లెక్క ప్రకారం, గది వెడల్పును 0.447తో గుణిస్తే వెనకగోడ దూరం, 0.276తో గుణిస్తే పక్కగోడ దూరం. మన పదకొండు అడుగుల హాలుకు వెనక దాదాపు 5 అడుగులు, పక్కన 3 అడుగులు వస్తాయి. మంచిదే. కానీ అయిదడుగులు ముందుకు లాగితే మన ఇళ్ళలో మనుషులు నడవడానికి దారి మిగలదు. ఈ సూత్రాలను మొదలుపెట్టే చోటుగా తీసుకోవాలి తప్ప శాసనంగా కాదు.

దూరం విషయంలో అసలు భౌతికశాస్త్రం తేలికైనదే. స్పీకరునుంచి వెనక్కు పోయిన శబ్దం గోడను తాకి తిరిగొచ్చి, ముందుకు పోతున్న శబ్దంతో కలుస్తుంది. రానూపోనూ దూరం సగం తరంగమైతే ఆ రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. 3 అడుగుల దూరానికి ఆ స్వరం సుమారు 94 సైకిల్స్, 2 అడుగులకు 141. వెనకగోడ, పక్కగోడ, నేల మూడూ వూఫరుకు ఒకే దూరంలో ఉంటే మూడు రద్దులూ ఒకేచోట పడి పెద్ద గుంట ఏర్పడుతుంది. 1974లో రాయ్ అలిసన్ అనే ఇంజనీరు ఈ గోడల ప్రభావాన్ని కొలిచి వ్యాసం ప్రచురించాడు. కాబట్టి మూడు దూరాలూ మూడు రకాలుగా ఉండనివ్వండి. మా మిత్రుడి ఇంట్లో 3, రెండుంపావు, నేలకు వూఫరు ఒకటింపావు అడుగు వచ్చాయి.

అంత లెక్క మాకెందుకంటారా, చెవితో చేసే పద్ధతి ఒకటుంది. స్పీకరు పెట్టదలచిన గోడ దగ్గర నిలబడి మామూలు గొంతుతో ఏదైనా మాట్లాడుతూ నెమ్మదిగా ముందుకు నడవండి. గోడ దగ్గర మన గొంతు మనకే గంభీరంగా, బరువుగా వినిపిస్తుంది. రెండుమూడు అడుగులు వచ్చేసరికి ఆ బరువు దిగి, మామూలు గొంతు అవుతుంది. అక్కడ ఒక గీత గీయండి. ఇంకా ముందుకు వస్తే మళ్ళీ అవతలి గోడల ప్రభావం మొదలవుతుంది, అక్కడో గీత. ఆ రెండు గీతల మధ్యే స్పీకరు చోటు. విల్సన్ ఆడియో అనే అమెరికన్ సంస్థ వాళ్ళు తమ ఖరీదైన స్పీకర్లను అమర్చడానికి వాడే పద్ధతి ఇలాంటిదే. ఇంటావిడ మాత్రం మీకేమైందోనని కంగారుపడవచ్చు, ముందే చెప్పి మొదలుపెట్టండి.

చోటు కుదిరాక స్పీకర్లను కొద్దిగా మనవైపు తిప్పాలి. ఎంత తిప్పాలో పాత పాటలు చెబుతాయి. 1957 నాటి మాయాబజార్ పాటలు మోనో. స్టీరియో స్పీకర్ల మీద మోనో పాట వేస్తే ఘంటసాల గారి గొంతు రెండు పెట్టెలలోంచి కాక, వాటి నడిమధ్య, ఏమీలేని ఖాళీ చోటునుంచి రావాలి. అక్కడ ఒక మనిషి నిలబడినట్టు ఉండాలి. గొంతు ఒక పక్కకు ఒరిగితే నూలుతాడు మళ్ళీ తీయండి. మధ్యలోనే ఉన్నా పలచబడి వెడల్పుగా పరచుకుంటే, స్పీకర్లను ఇంకొంచెం లోపలికి తిప్పండి, లేదా కాస్త దగ్గరకు జరపండి. అంగుళం అంగుళం చొప్పున జరపాలి. ఒక పూట పడుతుంది. మనకు తీరిక ఉంది కదా!

మా మిత్రుడి ఇంట్లో ఇంత చేశాక కూడా పెద్దజత కొంచెం బరువుగానే పలికింది. దానికి వెనకవైపు గాలి వచ్చే గొట్టం ఉంది. స్పీకరుతోపాటు ఇచ్చే స్పాంజి బిరడాలు ఆ గొట్టానికి పెడితే ఆ బరువు చాలావరకు దిగింది. బిరడాలు ఎక్కడున్నాయని వెతికితే అట్టపెట్టెలో కవరు కూడా విప్పకుండా దొరికాయి.

మన ఇళ్ళకు ఉన్న ఇంకో కష్టం గచ్చు. నున్నగా పూతవేసిన సిమెంటు గోడలు, మార్బుల్ నేల, పైన స్లాబు. హాలు మధ్య నిలబడి గట్టిగా ఒక్క చప్పట కొట్టి వినండి. చప్పట తరువాత "ట్రింగ్" మని తీగ లాగినట్టు శబ్దం సాగితే, ఎదురెదురు గోడలు బంతాట ఆడుతున్నాయన్నమాట. అలాంటి గదిలో ఎంత ఖరీదైన స్పీకరు పెట్టినా గమకాలు ఒకదాని మీదొకటి పడి అలికేసినట్టవుతాయి. దీనికి లక్షలు అక్కరలేదు. స్పీకర్లకూ కుర్చీకీ మధ్య నేలమీద ఒక మందపాటి జంబుఖానా, కిటికీలకు బరువైన పరదాలు, వెనకగోడకు పుస్తకాల బీరువా చాలు. పుస్తకాలు ఒకే వరుసలో సైనికుల్లా కాకుండా ముందువెనకలుగా ఉంటే మరీ మంచిది. చదవకపోయినా పుస్తకాలు కొనడానికి ఇదొక సాకు. వీటితో లావు తగ్గేవి పై స్వరాలు మాత్రమే. గుయ్యిమనే కింది స్వరాలు జంబుఖానాకు లొంగవు, వాటికి చోటు మార్చడమే వైద్యం. ఈమధ్య మైకుతో గదిని కొలిచి శబ్దాన్ని సవరించే యంత్రాలు వచ్చాయి. అవి హెచ్చిన స్వరాన్ని తగ్గించగలవు. రద్దయిపోయిన స్వరాన్ని మాత్రం ఎంత శక్తి పోసినా తిరిగి తేలేవు.

షోకేసు అద్దాలు, అందులో స్టీలు గ్లాసులు, కిటికీ గ్రిల్లు — ఇవి కూడా పాడతాయి. మృదంగం మధ్యలో ఝల్లుమంటే స్పీకరు చిరిగిందనుకోవద్దు. ముందు గ్లాసుల మీద చేయి వేసి చూడండి.

ఇప్పుడు పోల్చడం సంగతి. మా మిత్రుడికి రెండిట్లో ఒకటి ఎంచుకోవాలి. ఇక్కడ మూడు మోసాలుంటాయి. షాపువాడి మోసం అనడం లేదు, మన చెవీ కన్నూ మనకు చేసే మోసాలు.

మొదటిది హెచ్చు శబ్దం. ఏది కాస్త గట్టిగా మోగితే అదే బాగుందనిపిస్తుంది. కింది, పై స్వరాలు మన చెవికి ఎంత తెలుస్తాయన్నది శబ్దం మట్టాన్ని బట్టి మారుతుందని బెల్ ప్రయోగశాలలో ఫ్లెచర్, మన్సన్ 1933లోనే చూపారు. ఒక స్పీకరు సెన్సిటివిటీ 90 డెసిబెల్, ఇంకోదానిది 86 అనుకోండి. ఆంప్లిఫయరు గుండీ తిప్పకుండా రెండూ మార్చి వింటే 4 డెసిబెల్ తేడాతో మొదటిది గెలుస్తుంది. అది గెలుపు కాదు. కుర్చీ దగ్గర మీటరు పెట్టి, ఈ రోజుల్లో చేతిఫోనులోనే దొరుకుతోంది, రెంటినీ సమానం చేయాలి. అర డెసిబెల్ తేడా లోపల ఉంచండి. ఫోను మీటరు అసలు సంఖ్య తప్పు చెప్పినా తేడా చూడడానికి పనికొస్తుంది.

రెండోది చోటు. పైన చెప్పిందే. రెండు జతలూ నేలమీద అవే చాక్‌పీసు గుర్తుల మీద, ఒకదాని తరువాత ఒకటి నిలబడాలి.

మూడోది కన్ను. కెనడాలో జాతీయ పరిశోధనా మండలిలో ఎన్నో ఏళ్ళు స్పీకర్ల మీద పనిచేసి, 1991లో అమెరికాలోని హార్మన్ సంస్థకు వెళ్ళిన ఫ్లాయిడ్ టూల్, ఆయన సహచరుడు షాన్ ఆలివ్ కలిసి 1994లో ఒక ప్రయోగం ప్రకటించారు. 40 మంది శ్రోతలు, 4 స్పీకర్లు. ఒకసారి చూస్తూ వినమన్నారు, ఒకసారి తెర వెనక పెట్టి వినమన్నారు. చూస్తూ విన్నప్పుడు పెద్ద, ఖరీదైన పెట్టెలకు మార్కులు పెరిగాయి. తెర వేసేసరికి ఆ తేడా తగ్గిపోయింది. ఇంకో విశేషమేమంటే, స్పీకరు చోటు మారిస్తే శబ్దం మారుతుంది కదా, చూస్తూ విన్నవాళ్ళు ఆ మార్పును కూడా సరిగా పట్టుకోలేకపోయారు. కన్ను ముందే తీర్పు రాసేసింది. ఆ తరువాత హార్మన్ వాళ్ళు ఒక గదే కట్టారు. తెర వెనక యంత్రం కొద్ది సెకన్లలో ఒక స్పీకరును తీసి ఇంకోదాన్ని అదే చోట నిలబెడుతుంది. టూల్ చెప్పిన ఇంకో మాట మనకు బాగా పనికొస్తుంది. స్పీకర్ల మధ్య తేడా స్టీరియోలో కన్నా, ఒక్క స్పీకరును మోనోలో విన్నప్పుడు స్పష్టంగా తెలుస్తుంది. అంటే మొదటి పరీక్షకు జతలో ఒకటి చాలు, మోతబరువు సగం తగ్గుతుంది.

మన దగ్గర అటువంటి యంత్రం లేదు. మా మిత్రుడి మనవళ్ళు ఇద్దరున్నారు, కాలేజీ కుర్రాళ్ళు. గదికి అడ్డంగా తాడు కట్టి పల్చటి వాయిల్ చీర ఒకటి తెరగా వేశాం. దాన్నుంచి శబ్దం చక్కగా వస్తుంది, పెట్టె మాత్రం కనబడదు. గాలి దూరని పట్టుచీర పనికిరాదు. ఏది ముందు, ఏది తరువాత అన్నది కుర్రాళ్ళు నాణెం ఎగరేసి నిర్ణయించి, కాగితం మీద రాసి జేబులో పెట్టుకున్నారు. మాటామంతీ లేదు, "ఆహా" లేదు, తల ఊపడం కూడా లేదు. డిపార్టుమెంటు పరీక్షలా ఎవరి కాగితం వారిది, పదికి మార్కులు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్, ఈమని శంకరశాస్త్రి గారి వీణ, షేక్ చినమౌలానా గారి నాదస్వరం, నేదునూరి వారి కీర్తన ఒకటి, ఒక సినిమా పాట. ప్రతిదీ ఒకటి రెండు నిమిషాల ముక్క. శబ్దజ్ఞాపకం నిలిచేది కొద్దిసేపే కాబట్టి పాట మొత్తం వినిపించి మార్చడం వల్ల లాభం లేదు. సాయంత్రం మళ్ళీ క్రమం మార్చి అంతా మొదటినుంచి చేశాం.

నలుగురం విన్నాం. మిత్రుడు, ఆయన శ్రీమతి, పక్కింటి మాస్టారు, నేను. కాగితాలు విప్పితే సినిమా పాటకు చెరిసగం వచ్చింది. నాదస్వరానికి, వయొలిన్‌కు నలుగురమూ నల్లపెట్టెకే ఎక్కువ వేశాం. పెద్దపెట్టె నాదస్వరంలో ఒక గరుకు చేర్చింది, షాపులో అదే తళుకులా వినిపించి ఉంటుంది. తంబురాకు మాత్రం పెద్దదే మేలు. మధ్యాహ్నానికీ సాయంత్రానికీ మార్కులు మారకుండా వేసింది ఒక్క ఆ ఇంటి ఇల్లాలే. మా ముగ్గురివీ ఒకటి రెండు మార్కులు అటూ ఇటూ ఊగాయి. ఆవిడ చిన్నప్పుడు అయిదేళ్ళు వీణ నేర్చుకున్నారట. షాపుకు వెళ్ళేటప్పుడు ఆవిడను ఎవరూ రమ్మనలేదు! నల్లపెట్టెలే ఆ ఇంట్లో ఉండిపోయాయి. వినేటప్పుడు గుర్తుల మీదికి లాగి, తరువాత వెనక్కు జరుపుతారు. అడుగున ఫెల్టు అంటించుకున్నారు.

ఇది చెప్పాక మన చెవుల సంగతి దాటవేయలేను. అరవై దాటినవారిలో చాలామందికి పై స్వరాలు, పది పన్నెండు వేల సైకిల్స్ పైన ఉన్నవి, సరిగా వినబడవు. దాంతో పెద్ద నష్టం లేదు, సంగీతంలో ముఖ్యభాగం అంతా దాని కిందే ఉంది. కానీ ఇంజను గదుల పక్కన, పెద్ద యంత్రాల మోతలో ఏళ్ళు గడిపినవారికి 4000 సైకిల్స్ దగ్గర వినికిడి గుంటపడే అవకాశం ఉంది. అక్షరాల స్పష్టతా, తాళం మెరుపూ ఉండేది అక్కడే. స్పీకర్లకు అడ్వాన్సు ఇచ్చేముందు చెవి డాక్టరు దగ్గర ఆడియోగ్రాం తీయించుకోండి. రెండు చెవులకూ 250 నుంచి 8000 సైకిల్స్ వరకూ గీత గీసి ఇస్తారు. మనం లైను టెస్టు రిపోర్టు చదివినట్టే దాన్ని చదువుకోవచ్చు. ఎడమ కుడి చెవుల మధ్య పెద్ద తేడా ఉంటే స్టీరియోలో గొంతు ఒక పక్కకే ఒరుగుతుంది. ఆ నేరం స్పీకరు మీద వేయకూడదు. వినికిడి యంత్రం అవసరమని డాక్టరు అంటే డబ్బు ముందు దానికే పోవాలి, అందులో నాకు సందేహం లేదు. స్పీకర్లు వచ్చే ఏడాది కూడా దొరుకుతాయి.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. తీగలకు వేలకు వేలు పెట్టమనేవారుంటారు. తగినంత మందం ఉన్న రాగితీగ, బిగువైన జాయింటు చాలు. నలభై ఏళ్ళు జాయింట్లు వేసిన మనకు ఇంకొకరు చెప్పాలా? టవర్ స్పీకర్లకు కింద మేకుల్లాంటి కాళ్ళు ఇస్తారు. మార్బుల్ మీద వాటికింద బిళ్ళలు వేయండి. మనవలు తిరిగే ఇల్లయితే స్పీకరు ఒరగకుండా అడుగున వెడల్పు పీట ఉన్నదే కొనండి. బి అండ్ డబ్ల్యు 801 వంటి పెద్ద స్పీకర్లున్నాయి. 1979లో మొదటిది వచ్చింది, లండన్ యాబీ రోడ్ స్టూడియో వారు వాడారు. 2021లో వచ్చిన రూపం ఒక్కొక్కటి సుమారు 100 కిలోలు. లిఫ్టులేని మూడో అంతస్తులో ఉండేవారు కొనేముందు మెట్లు ఒకసారి చూసుకోవాలి. ట్రయలుకు ఇంటికి ఇవ్వనన్న షాపులో కొనకండి. ఇచ్చే షాపులున్నాయి. కనీసం ఒక వారం అడగండి.

చీర ఏ రంగుది వాడాలని వెనకనుంచి ఎవరో అడుగుతున్నారు. రంగు ఏదైనా ఫరవాలేదు. వెనక దీపం ఆర్పేసి ముందువైపు దీపం వేసి ఉంచితే పెట్టె నీడ కూడా కనబడదు. చీర ఎవరిదో వారిని అడిగి తీసుకోండి, అంతే.

 టీ వచ్చినట్టుంది. సెలవు తీసుకుంటాను.